మొదటి ఆర్‌సీ బైక్ రేసు: శనివారమే, పేరు ఇచ్చేశాక భయం మొదలైంది

బొంగరం_బాబు · మంగళవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ మీవి చదువుకుని పోవడమే తప్ప నేను రాసింది తక్కువ. ఈసారి తప్పేలా లేదు.

నా దగ్గర ఉన్నది లోసి ప్రోమోటో ఎంఎక్స్. రిమోట్‌తో నడిపే (ఆర్‌సీ) మోటోక్రాస్ బైకు, 1/4 స్కేలు, అంటే అసలు బైకులో నాలుగో వంతు సైజు. 2023లో వచ్చిన మోడల్. కొని నాలుగు నెలలైంది. నేనుండేది డాలస్ పక్కన. ఇంటి వెనక ఖాళీ స్థలంలో రోజూ సాయంత్రం తిప్పుతుంటాను. మా ఆవిడ కాఫీ కప్పుతో వచ్చి చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోతుంది. అనకపోవడమే అనడం అనుకోండి.

గంట దూరంలో ఒక మట్టి ట్రాక్ ఉంది. కార్లతో పాటు ఈ బైకులకి కూడా విడిగా ఒక క్లాసు నడుపుతున్నారు. శనివారం రేసు. నిన్న ఊపులో పేరు ఇచ్చేశాను. ఇప్పుడు కడుపులో తిప్పుతోంది. కార్లు కూడా ఎప్పుడూ రేసులో తిప్పలేదు, నేరుగా బైకే. ఏం తీసుకెళ్ళాలి, ఏం చేయకూడదు, చెప్పండి.

ఇల్లినాయిస్_అక్క · మంగళవారం రాత్రి 10:15

శుభం బాబూ. నేను 1/10 బగ్గీలు, అంటే ఆర్‌సీ కార్లు తిప్పుతాను, బైకు కాదు. కానీ రేసు రోజు పద్ధతి అన్నిచోట్లా ఇంచుమించు ఒకటే.

ముందు ఒక మాట అడుగుతాను. ఇంటి దగ్గర తిప్పేటప్పుడు బైకు వెనకాలే నడుస్తున్నావా?

బొంగరం_బాబు · మంగళవారం రాత్రి 10:22

అవునక్కా. దాని వెనకాలే పరిగెడతాను. పడితే లేపాలిగా.

ఇల్లినాయిస్_అక్క · మంగళవారం రాత్రి 10:41

అదే అనుకున్నా. రేసులో నువ్వు ఎత్తుగా కట్టిన స్టాండు మీద నిలబడతావు. పక్కన ఎనిమిది మంది. అడుగు కదలడానికి ఉండదు. బైకు నీ నుంచి దూరంగా పోతున్నంతసేపూ అంతా బాగుంటుంది. తిరిగి నీ వైపు వస్తున్నప్పుడు దాని ఎడమ నీ కుడి అవుతుంది. మొదటి రేసులో సగం పడడాలు అక్కడే.

శనివారం లోపు ఒక పని చెయ్యి. పెరట్లో స్టూలు వేసుకుని దాని మీద నిలబడు. రెండు ప్లాస్టిక్ సీసాలు పెట్టి వాటి చుట్టూ ఎనిమిది అంకె తిప్పు. పడితే దిగి లేపు, మళ్ళీ ఎక్కు. దిగడం ఎక్కడం విసుగు పుట్టి నీకే పడకుండా తిప్పడం వస్తుంది.

కరీంనగర్_క్లచ్ · బుధవారం పొద్దున 7:05

అన్నా, నేనైతే రేసు ఎన్నడు ఆడలే గని, నా దగ్గర స్కైఆర్‌సీ ఎస్ఆర్5 ఉన్నది, రోడ్డు బైకు. సెకండ్ హ్యాండ్‌ల కొన్న. అక్క చెప్పింది నూటికి నూరు నిజం. ఎదురుంగ వస్తుంటె చెయ్యి ఉల్టా పోతది. నేను మనసుల ఒకటే అనుకుంట: బండి ఎటు పడ్తుందో అటే స్టీరింగు కొట్టాలె. కుడి ఎడమ మర్చిపోవాలె.

ముసలి_నైట్రో · బుధవారం ఉదయం 8:30

అంతా బాగానే ఉంది. కానీ తమ్ముడూ, నీ బండిలో వెనక చక్రంలో ఫ్లైవీల్ ఉంది, అంటే గిర్రున తిరిగే బరువైన చక్రం, దానికి విడిగా ఒక మోటారు. పైన ఎలక్ట్రానిక్ గైరో, బండి వాలితే పసిగట్టి సర్దే పరికరం. అది పడకుండా చూసుకోవడానికి ఇంతమంది నౌకర్లు ఉన్నాక నువ్వు నేర్చుకునేదేముంది? మా రోజుల్లో క్యోషో హ్యాంగ్ ఆన్ రేసర్ అని 1/8 స్కేలు బండి. తర్వాత ఇటలీ నుంచి నువోవా ఫావోర్, తైవాన్ నుంచి థండర్ టైగర్ 1/5 బళ్ళు. చిన్నగా పోతే పడేవి, పెద్దగా పోతే గోడకి కొట్టుకునేవి. మధ్యలో ఎక్కడో ఒక వేగం ఉండేది, అదే స్వర్గం.

ఇప్పటివాటిని రేసు అనడానికి నాకు నోరు రాదు. వాషింగ్ మెషీన్ పోటీలు అనొచ్చు.

బొంగరం_బాబు · బుధవారం ఉదయం 8:52

హహ. బాబాయ్, ఆ వాషింగ్ మెషీన్‌తోనే రోజుకి ముప్పై సార్లు పడుతున్నాను.

కాకినాడ_మాస్టారు · బుధవారం మధ్యాహ్నం 1:10

నైట్రో గారూ, మీరంటే గౌరవం ఉంది గానీ ఇది ఒప్పుకోలేను. 1/5 బళ్ళలో కూడా వెనక చక్రంలో ఫ్లైవీల్ ఉండేది కదా. చక్రం తిరుగుతుంటే దాంతోపాటు తిరిగేది, అంతే తేడా. ఇప్పుడు బండి ఆగినా తిరుగుతుంది.

పిల్లలకి నేను బొంగరంతో చెబుతాను. జాటీ లాగి వదిలిన బొంగరం జోరు తగ్గేదాకా నిలబడుతుంది. జోరు తగ్గాక ముందు తూలుతుంది, తర్వాత పడుతుంది. ఫ్లైవీల్ కూడా అంతే. అది తూలడాన్ని నెమ్మది చేస్తుంది, అంతకు మించి ఏమీ చేయదు. మనిషి ఎక్కిన బైకులో మనిషే బరువు అటూ ఇటూ వేసి సర్దుతాడు. ఈ బొమ్మ రైడర్ సీటుకి అతుక్కుని కూర్చునేవాడు. వాడి బదులు ఎవరో ఒకరు పడడానికి కాస్త వ్యవధి ఇవ్వాలి, లేకపోతే స్టాండు మీదున్న మనిషి వేలు స్పందించేలోపే బండి నేల మీద ఉంటుంది.

ఇంకోటి. అసలు బైకు తిరిగేదే తిరగబడి. ఎడమకి తిరగాలంటే ముందు చక్రం ఒక్క క్షణం కుడికి పోవాలి. అప్పుడు బండి ఎడమకి వాలుతుంది, వాలాక చక్రం కూడా ఎడమకి వస్తుంది. మనం రోజూ సైకిలు మీద చేసేది ఇదే, మనకే తెలీదు. విమానం కనిపెట్టిన రైట్ సోదరుల్లో విల్బర్ దీన్ని గమనించి, సైకిలు తొక్కేవాళ్ళని అడిగి చూశాడు. మొదట అడిగినప్పుడు ఒక్కరూ సరిగ్గా చెప్పలేకపోయారట. వాళ్ళదీ సైకిళ్ళ కొట్టే కదా.

బాబుగారూ, దీనివల్ల మీకు పనికొచ్చే ముక్క ఇది: మలుపు దగ్గరకొచ్చాక స్టీరింగు తిప్పితే ఆలస్యం. బండి ముందు వాలాలి, తర్వాతే తిరుగుతుంది. కారుకన్నా ఒక బండి పొడవు ముందే చెప్పాలి దానికి.

ముసలి_నైట్రో · బుధవారం మధ్యాహ్నం 2:45

మాస్టారూ, క్లాసు బాగుంది. ఫ్లైవీల్ సంగతి సగం ఒప్పుకుంటాను. ఎలక్ట్రానిక్ గైరో సంగతి ఒప్పుకోను.

ఉక్కునగరం_9 · బుధవారం సాయంత్రం 6:20

ఈ గొడవ సరేగానండి, ఈ బండి వైజాగ్‌లో ఎవరైనా కొన్నారా? నాకూ ఒకటి కావాలి బాబూ. మా బావ డిసెంబరులో న్యూజెర్సీ నుంచి వస్తున్నాడు. ఆడి సూట్‌కేసులో పడుతుందేటి?

ఇల్లినాయిస్_అక్క · బుధవారం సాయంత్రం 7:02

బండి పెట్టెలో పెట్టొచ్చు తమ్ముడూ, హ్యాండిల్ విప్పి గుడ్డలు చుట్టాలి. విడి లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ మాత్రం చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు. చేతి సంచిలో, టెర్మినల్స్‌కి టేపు వేసి పెట్టుకోమను. 100 వాట్-అవర్ల లోపు ఉండాలి. 7.4 వోల్టులు, 4000 ఎంఏహెచ్ బ్యాటరీ అయితే 29.6, ఇబ్బంది లేదు.

నిర్వాహకుడు · బుధవారం సాయంత్రం 7:30

కొనుగోలు, కస్టమ్స్ విషయాలకి వేరే దారం ఉంది, అక్కడ అడగండి. ఇక్కడ రేసు మాట్లాడుకుందాం.

బొంగరం_బాబు · గురువారం రాత్రి 11:18

స్టూలు పద్ధతి పనిచేస్తోందక్కా. మొదటి రోజు ఎనిమిది అంకె ఒక్కటి కూడా పూర్తి కాలేదు. ఇవాళ వరసగా ఆరు. మా అమ్మాయి పక్కన కూర్చుని పడినప్పుడల్లా గోడ మీద సుద్దతో గీత గీస్తోంది. గీతలు లెక్కపెట్టమని అడగొద్దు.

సందేహం: చైను. ఎంత బిగించాలి? ఇవాళ కాసేపు తిప్పాక మోటారు ముట్టుకుంటే వేలు పెట్టలేకపోయాను.

కరీంనగర్_క్లచ్ · గురువారం రాత్రి 11:40

అన్నా, చైను బిర్రుగ ఉన్నట్టుంది. మోటారు ఉత్త పుణ్యానికి దాన్ని గుంజుడుకే సగం కరెంటు తింటది. వెనక చక్రం పైకి కిందికి ఆడుతుంటె చైను ఇంకింత బిగుస్తది, అందుకే ఆ సస్పెన్షను మొత్తం కిందికి ఒత్తి చూడు. ఏ జాగలనైన చైను వీణ తీగ లెక్క గట్టిగైతె, జర వదులు చెయ్యి. వేలుతోని ఒత్తితె కొంచెం ఊగాలె.

బొంగరం_బాబు · శుక్రవారం ఉదయం 6:50

సరిగ్గా అదే. కిందికి ఒత్తితే తీగలా అయిపోతోంది. వదులు చేశాను. ఇరవై నిమిషాలు తిప్పినా మోటారు గోరువెచ్చగానే ఉంది. క్లచ్ అన్నా, నీకు దండం.

ఇల్లినాయిస్_అక్క · శుక్రవారం సాయంత్రం 5:30

రేపటికి చివరి మాటలు. బ్యాటరీలు రెండు తీసుకెళ్ళు. 4000 ఎంఏహెచ్‌ని 4 ఆంపియర్ల మీద ఎక్కిస్తే గంట పడుతుంది, రౌండుకీ రౌండుకీ మధ్య అంత సమయం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. లైపో సంచిలో, అంటే మంటకి తట్టుకునే సంచిలో పెట్టి ఎక్కించు. సెల్లుకి 4.2 వోల్టులు దాటకూడదు. కుర్చీ, గొడుగు, నీళ్ళు. అక్కడ ఎండ సంగతి నీకే బాగా తెలుసు.

అన్నిటికన్నా ముఖ్యం: నీ హీట్, అంటే నీ గుంపు వంతు అయిపోగానే తర్వాతి హీట్‌కి నువ్వే మార్షల్. ట్రాక్‌లో నీకు చూపించిన చోట నిలబడి పడ్డ బళ్ళని లేపాలి. మర్చిపోకు.

బొంగరం_బాబు · ఆదివారం ఉదయం 10:05

అయిపోయింది. బతికే ఉన్నాను. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

మా క్లాసులో తొమ్మిది బైకులు. ఐదేసి నిమిషాల క్వాలిఫయింగ్ రెండు (ఫైనల్‌లో ఎవరు ఏ స్థానం నుంచి బయల్దేరాలో తేల్చేవి), తర్వాత ఎనిమిది నిమిషాల ఫైనల్. ట్రాన్స్‌పాండర్ వాళ్ళే అద్దెకి ఇచ్చారు, అగ్గిపెట్టెంత ఉంది. సీటు కింద టేపుతో అంటించాను. గీత కింద పాతిన తీగ మీదుగా బైకు వెళ్ళిన ప్రతిసారీ కంప్యూటర్‌లో నా నంబరు పడుతుంది. పొద్దున్నే ట్రాక్‌కి నీళ్ళు కొట్టారు. మట్టి వాసనకి ఒక్కసారి తెనాలిలో తొలకరి గుర్తొచ్చింది. మధ్యాహ్నానికి అదే మట్టి సిమెంటులా అయింది.

మొదటి క్వాలిఫయింగ్. బైకు గీత దగ్గర పెట్టాలి, పిట్ (బళ్ళు సర్దుకునే చోటు) నుంచి పరుగున వెళ్ళాను. కంగారులో చేతిలో పట్టుకునే స్విచ్ వేశాను. అలాగే నడుచుకుంటూ తీసుకెళ్ళి కింద పెట్టాను. అదీ నేను చేసిన ఘనకార్యం. స్విచ్ వేసిన కొన్ని సెకన్లు బైకు కదలకుండా నిటారుగా ఉండాలి, గైరో అప్పుడే తన "నిలువు" ఏదో నేర్చుకుంటుంది. నాది నా నడకతో పాటు ఊగుతూ నేర్చుకుంది. బయల్దేరిన దగ్గర్నుంచీ ఒకటే ఎడమకి లాగుడు. ట్రిమ్ (రిమోట్ మీద స్టీరింగుని నడిమధ్యకి సర్దేది) తేడా అనుకుని తిప్పాను, కుడి మలుపులో పడింది. వెనక్కి తిప్పాను, ఎడమ మలుపులో పడింది. ఐదు నిమిషాల్లో తొమ్మిది సార్లు. మొత్తం 5 ల్యాపులు, 5 నిమిషాల 4 సెకన్లు.

అవమానం అక్కడితో ఆగలేదు. మైకులో నా నంబరు పిలుస్తున్నారు. ఒకసారి, రెండుసార్లు. అక్కా, మీరు చెప్పినా సరే, బైకు పట్టుకుని పిట్‌లో కూర్చుని ట్రిమ్ చూసుకుంటున్నాను! మార్షల్ చోటు ఖాళీగా ఉంది, నా వల్ల హీట్ ఆగి ఉంది. పరిగెత్తాను. అందరూ నా వైపే చూస్తున్నారు. ఒక పెద్దాయన నవ్వి భుజం తట్టాడు, అది ఇంకా సిగ్గనిపించింది.

కానీ ఆ మార్షల్ పనే నాకు రోజంతట్లో బాగా పనికొచ్చింది. డబుల్ జంప్ (వరసగా రెండు మట్టి దిబ్బలు) పక్కన నిలబెట్టారు. నా ముందు ఒక బైకు పడింది. వంగి ఎత్తాను. ఇంటి దగ్గర పడ్డప్పుడల్లా ఆపి ఎత్తడమే అలవాటు, ఇది మాత్రం పూర్తి జోరులో ఉంది. లోపల ఫ్లైవీల్ గుయ్యిమంటోంది. కుడికి వంచబోతే ఒప్పుకోదు, పక్కకి మెలి తిరుగుతుంది. బతికున్న కోడిపుంజుని రెక్కల కింద పట్టుకున్నట్టే ఉంది, కావాలంటే నమ్మండి. పక్కనున్న మార్షల్ అరిచి చెప్పాడు, చక్రాల దగ్గర వేళ్ళు పెట్టకు, ముందు వెనక చక్రం నేలకి ఆనించు, తోస్తూ వదులు అని. అలా చేస్తే బుద్ధిగా వెళ్ళిపోయింది.

అక్కడి నుంచి బాగా తిప్పేవాళ్ళని దగ్గరగా చూశాను. వాళ్ళు జంప్ పైన గాలిలో ఉన్నప్పుడు యాక్సిలరేటర్‌తో ఆడుతున్నారు. ముక్కు కిందికి దిగితే కొంచెం ఇస్తారు, వెనక చక్రం జోరు పెరిగి ముక్కు లేస్తుంది. ముక్కు మరీ లేస్తే బ్రేకు. నేను ఇంతకాలం గాలిలో ఉండగా వేలు తీసేసి దేవుడి మీద భారం వేసేవాడిని.

రెండో క్వాలిఫయింగ్‌కి బైకు గీత దగ్గర దాని స్టాండు మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడి, అప్పుడు స్విచ్ వేశాను. రెండే సార్లు పడ్డాను. 7 ల్యాపులు, 5 నిమిషాల 9 సెకన్లు.

ఫైనల్‌లో ఎనిమిదో స్థానం నుంచి బయల్దేరి ఏడో స్థానంలో ముగించాను. 10 ల్యాపులు, 8 నిమిషాల 4 సెకన్లు, నాలుగు పడడాలు. గెలిచినతను 14 ల్యాపులు. ఒకతనికి చైను తెగింది, అందుకే ఏడు, లేకపోతే ఎనిమిదే.

ఇంటికొచ్చేసరికి అమ్మాయి గోడ మీద "7" అని పెద్దగా రాసి ఉంది. ఫోన్‌లో చెప్పానులెండి.

కాకినాడ_మాస్టారు · ఆదివారం మధ్యాహ్నం 12:20

అభినందనలు! మీ అంకెలు చూస్తే నాకు చేతులు ఊరుకోలేదు. పడకుండా తిప్పితే మీ ల్యాపు ఎంత?

బొంగరం_బాబు · ఆదివారం మధ్యాహ్నం 12:31

రెండు క్వాలిఫయింగుల్లోనూ పడని ల్యాపులు 41 సెకన్ల దగ్గర ఉన్నాయి మాస్టారూ. ఫైనల్‌లో మలుపుల్లో కావాలనే తగ్గించాను, 44 వచ్చింది. ముందున్నవాళ్ళు 34.

కాకినాడ_మాస్టారు · ఆదివారం మధ్యాహ్నం 1:15

అయితే చూడండి. మొదటి రౌండు: 5 ల్యాపులు, 41 చొప్పున 205 సెకన్లు. మీకు పట్టింది 304. మిగిలిన 99 సెకన్లు తొమ్మిది పడడాలవి, ఒక్కోటి 11 సెకన్లు. రెండో రౌండు: 287 పోగా 22, రెండు పడడాలు, మళ్ళీ 11. ఫైనల్: 440 పోగా 44, నాలుగు, మళ్ళీ 11. మార్షల్ వచ్చి లేపి వదలడానికి ఆ ట్రాక్‌లో 11 సెకన్లు పడుతుందన్నమాట, గడియారం కొట్టినట్టు.

కరీంనగర్_క్లచ్ · ఆదివారం మధ్యాహ్నం 1:40

మాస్టరు సాబ్, మరి ఒక లెక్క తేడ కొడుతుంది. ఫైనల్ల ల్యాపుకు 3 సెకండ్లు స్లోగ పోయిండు. పది ల్యాపులకు 30 సెకండ్లు. అంటె దగ్గర దగ్గర మూడు పడుడ్లు. స్లోగ పోయినందుకు ఆ మూడన్న తగ్గినయా లేదా? తగ్గకపోతె స్లోగ పోయి లాభమేంది?

కాకినాడ_మాస్టారు · ఆదివారం మధ్యాహ్నం 2:05

మంచి ప్రశ్న వేశారు. రెండో రౌండులో 7 ల్యాపులకి రెండు పడడాలు. అదే లెక్కన పదింటికి మూడు. ఫైనల్‌లో నెమ్మదిగా వెళ్ళి నాలుగు పడ్డారు. అంటే నెమ్మది కలిసిరాలేదు.

ఇల్లినాయిస్_అక్క · ఆదివారం మధ్యాహ్నం 2:30

లెక్క సరే, కానీ రెండో రౌండులో ట్రాక్ తడిగా ఉంది, ఫైనల్‌కి గట్టిపడింది. పట్టు తగ్గింది. అదే 41తో వెళ్ళి ఉంటే ఆరు పడేవాడేమో. పోల్చడానికి లేదు. పైగా ఫైనల్‌లో తొమ్మిది బళ్ళూ ఒకేసారి వదులుతారు, మొదటి మలుపులో గుంపు. బాబూ, నాలుగింట్లో మొదటిది అక్కడేనా?

బొంగరం_బాబు · ఆదివారం మధ్యాహ్నం 2:38

అక్కడే. మూడు బళ్ళ కింద ఉన్నాను.

ముసలి_నైట్రో · ఆదివారం సాయంత్రం 5:10

తమ్ముడూ, బాగా తిప్పావు. నెమ్మది సంగతి నేను చెబుతాను, ఇది గైరో ఉన్నా లేకపోయినా ఒకటే. మలుపు లోపలికి నెమ్మదిగా వెళ్ళు. వాలాక మాత్రం నెమ్మది చేయకు. వాలిన బండికి యాక్సిలరేటర్ తీసేస్తే ఇంకా లోపలికి కూలుతుంది, కొంచెం ఇస్తే లేస్తుంది. నువ్వు భయపడి మలుపు మధ్యలో వేలు తీస్తున్నావు, ఆ మిగతా మూడూ అలా పడ్డవే అయ్యుంటాయి.

బొంగరం_బాబు · ఆదివారం సాయంత్రం 5:25

బాబాయ్, మీరు ట్రాక్ పక్కన కూర్చుని చూసినట్టే చెప్పారు. రెండు అలాగే పడ్డాను. మూడోది డబుల్ జంప్ మీద, దానికి క్షమాపణ లేదు.

ముసలి_నైట్రో · ఆదివారం సాయంత్రం 5:40

నీ బండిలో గైరో గెయిన్, అంటే గైరో ఎంత గట్టిగా సర్దాలన్నది, తగ్గించుకునే వీలుంటే వచ్చే నెల కొంచెం తగ్గించి తిప్పి చూడు. ఒక్క మెట్టు. నీ కోసం కాదు, నా సంతోషం కోసం.

ఇల్లినాయిస్_అక్క · ఆదివారం సాయంత్రం 5:58

ఆయన మాట వినకు. రెండో రేసులో గైరో ఇలాగే ఉంచు. మలుపులో వేలు, గైరో ఒకేసారి రెండూ మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు. ఇంకా నిన్నటి బ్యాటరీలు నిండుగా ఉంటే అలా వదిలేయకు, సెల్లుకి 3.8 వోల్టుల దగ్గర స్టోరేజీలో పెట్టు.

ఉక్కునగరం_9 · ఆదివారం రాత్రి 9:15

నిర్వాహకులు తిట్టకపోతే ఒక్క ముక్క. బావ ఒప్పుకున్నాడండి. బండి ఆడి పెట్టెలో, బ్యాటరీ చేతి సంచిలో. బదులుగా తిరుగు ప్రయాణంలో మాడుగుల హల్వా రెండు కిలోలు.

కరీంనగర్_క్లచ్ · ఆదివారం రాత్రి 9:50

మీరంత చెప్పంగ నాకూ ఆగలే. పొద్దుగూకినంక ఎస్ఆర్5 తీస్కొని మిద్దె మీద స్టూలు ఏసిన. రెండు సీసాల నడుమ మస్తు తిరిగింది. మూడో చక్కర్ల ఎదురుంగ వచ్చింది, చెయ్యి ఉల్టా పోయింది, పక్కింటోళ్ళు ఆరబోసిన ఎండు మిరపకాయలల్లకు పోయి పడ్డది. వెనక చక్రం ఆగలే. ఇప్పటికి తుమ్ముతున్న.

బొంగరం_బాబు · ఆదివారం రాత్రి 10:02

మార్షల్ ఎవరన్నా మరి?

కరీంనగర్_క్లచ్ · ఆదివారం రాత్రి 10:06

పక్కింటి పెద్దమ్మ. పదకొండు సెకండ్లు గాదు, అర్ధ గంట పట్టింది.